నీటిపిల్లి

గత వేసవికి ముందు మా ఎనిమిదవ తరగతి బాలుడొకడు రెండు దినములు సెలవు తీసికొని తాతగారి యూరికి పోయి వచ్చెను. ఆ యూరు చిలికా సరస్సు నంటియున్న పల్లె. అక్కడ గట్టున కిక్కిసగడ్డి కోయుచున్నవారికి దుబ్బు నడుమ రెండు కూనలు కనబడినవట. బూడిదవన్నె యొడలు, దానిపై నల్లని మచ్చలు. "చిరుతపులి పిల్లలు!" అని యొకడు కేక వేసెను. కొడవళ్లు పట్టినవారందరును వెనుకకు తగ్గిరి. తల్లి వచ్చులోగా వానిని చంపివేయుట మంచిదని కొందరును, అటవీశాఖవారికి కబురుపెట్టుట మంచిదని కొందరును వాదించుకొనుచుండగా, వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు లేచివచ్చి చూచి, "పులీ కాదు, గిలీ కాదు. చేపలు తినే పిల్లి. ఉన్నచోటే వదిలెయ్యండి" అనెనట. మరునాటి యుదయమునకు కూనలు అక్కడ లేవు. రాత్రి తల్లి వచ్చి మెడపట్టి కొనిపోయి యుండునని యూరివారు తలచిరి.

బాలుడు ఈ సంగతి యంతయు తరగతిలో చెప్పి, "మాస్టారూ, అది పులా, పిల్లా? దాన్ని తెలుగులో ఏమంటారు?" అని యడిగెను. మొదటి ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పగలిగితిని. రెండవదానికి తడబడితిని. ఆ తడబాటే ఈ వ్యాసమునకు కారణము. మన పాఠశాల పిల్లలలో అనేకులకు బంధువులు చిలికా గట్టునను, గంజాం సముద్రతీరమునను, గోదావరి మడ అడవుల చేరువనున్న గ్రామములలోను ఉన్నారు. కావున తల్లిదండ్రులకును ఈ జంతువుతో ఎప్పుడో యొకప్పుడు పని పడవచ్చును.

అది పిల్లియే. పులి, చిరుత, మన వంటయింటి పిల్లి యన్నియు ఒకే కుటుంబమునకు చెందినవైనను, ఇది ఆ కుటుంబములోని చిన్న శాఖలోనిది. ఆంగ్లములో దీనిని ఫిషింగ్ క్యాట్ అందురు. తెలుగు పత్రికలలో నీటిపిల్లి యనియు, బావురుపిల్లి యనియు రెండు విధములుగ వ్రాయుచున్నారు. ఈ రెండు పేర్లలోను చిక్కు కలదు. బావురుపిల్లి యనుమాటను మనవారు అడవిలో తిరుగు పిల్లి కెల్ల వాడుదురు. నీటిపిల్లి యనుమాటను కొందరు నీటికుక్కకును వాడుదురు. నీటికుక్క పిల్లియే కాదు. గుంపులుగ తిరుగుచు, పగటివేళ సైతము ఈదుచు కనబడు పొడుగుపాటి జంతువది. ఏదియో యొకటి స్థిరపరచుకొనవలెను గనుక, దాని బ్రతుకునకు దగ్గరగ నున్న నీటిపిల్లి యనుపేరునే ఈ వ్యాసములో వాడుచున్నాను.

పేరు విషయమున ఇంత చర్చ యెందుకని పాఠకులు తలపవచ్చును. వంగదేశపు కథ వినిన ఆ సందేహము తీరును. అక్కడ దీనిని మేఛో బిడాల్ అందురు. చేపల పిల్లి యని యర్థము. బాఘ్‌రోల్ అను పేరును కలదు. బంగ్లాదేశములో మాత్రము అనేకులు దీనిని మేఛో బాఘ్, అనగా చేపల పులి, అనుచు వచ్చిరి. పులి యని పేరు పడిన తరువాత ఊరి పొలిమేరలో అది కనబడుటయే తడవుగ దుడ్డుకర్రలు లేచును. మనిషిని చూచి పారిపోవు జంతువు, తాను చేయని నేరమునకు, పేరు కారణముగ చచ్చుచున్నది. అందుచేత అక్కడి ప్రకృతి శాస్త్రజ్ఞులు 'బాఘ్' అనవద్దు, 'బిడాల్' అనుడని ప్రజలకు నచ్చజెప్పవలసి వచ్చినది. ఒక మాట మార్చుటకు ఇంత ప్రయాసపడుట వింతగ తోచును గాని, చిలికా గట్టున ఆ దినమున కొడవళ్లు పట్టినవారు తటపటాయించినది కూడ ఒక మాట వలననే గదా!

శాస్త్రజ్ఞులు సైతము మొదట దీనిని వేరొక జంతువు పేరుననే గుర్తించిరి. 1833వ సంవత్సరమున ఎడ్వర్డ్ టర్నర్ బెన్నెట్ అను ఆంగ్లేయ జంతుశాస్త్రజ్ఞుడు దీనిని మొదటిసారి వర్ణించి, 'వివెర్రినస్' అను పేరు పెట్టెను. లాటిను భాషలో దాని కర్థము పునుగుపిల్లి వంటిది యని. కురుచ కాళ్లు, పొడుగుపాటి మొగము, మచ్చలు వరుసలు తీరియుండుట చూచి ఆయన కట్లు తోచి యుండును. పునుగుపిల్లి పేరులో పిల్లి యున్నను జాతిలో పిల్లి కాదు. ఇట్లు ఒకరు పులి యనియు, ఒకరు పునుగు వంటిదనియు, ఒకరు నీటికుక్క యనియు పిలుచుచుండగా, అది మాత్రము తన పాటికి తాను రాత్రివేళ నీటి యొడ్డున కూర్చుండి చేపల కొరకు కాచుకొని యున్నది.

ఇక దాని రూపము. తలనుండి తోక మొదలు వరకు సుమారు 60 నుండి 80 సెంటీమీటర్లు, తోక మరి 20 నుండి 30 సెంటీమీటర్లు ఉండును. బరువు 5 నుండి 16 కిలోల వరకు. మగది ఆడదానికంటె చాల పెద్దది. మన యింటిపిల్లి ప్రక్కన నిలిపిన రెండింతలు, మగదైన మూడింతలు తూగును. ఒడలు బూడిదవన్నె, కొంచెము పసుపుపచ్చ కలసినట్లుండును. నుదుటినుండి మెడ వెనుకకు ఆరేడు నల్లని చారలు సాగి, అక్కడనుండి విడివడి చుక్కలుగ మారి వరుసలు వరుసలుగ ప్రక్కలకు దిగును. చెవులు చిన్నవి, గుండ్రనివి. వాని వెనుక నలుపు, ఆ నలుపు నడుమ తెల్లని బొట్టు. కాళ్లు పొట్టివి, దేహము దిట్టము.

చిరుతపులినుండి దీనిని వేరుచేయుటకు రెండు గుర్తులు చాలును. చిరుత మచ్చ నడుమ ఖాళీ కలిగి పువ్వు రేకులు గుండ్రముగ పేర్చినట్లుండును. నీటిపిల్లి మచ్చ నిండుగ, సిరా చుక్కవలె నుండును. ఐతే చిరుత కూనల మచ్చలు లేతవయసున అలుకుకొనిపోయినట్లుండును గనుక కూనల విషయమున తోకను చూడవలెను. చిరుత తోక పొడవు. నీటిపిల్లి తోక పొట్టిగ, మందముగ, దేహములో సగము కూడ లేకుండును. వేరొక చిక్కు కూడ కలదు. అడవిపిల్లి యని మనము సామాన్యముగ చెప్పునది కూడ రెల్లు దుబ్బులలోను, చెరకు తోటలలోను కాపురముండును. కాని దాని యొడలు మచ్చలు లేక ఇంచుమించు ఒకే వన్నె, కాళ్లు పొడవు, చెవుల కొనలయందు చిన్న వెండ్రుకల కుచ్చు ఉండును. ఈ పోలికలు ఇంత వివరముగ వ్రాయుట పరీక్షకు చదువుకొనుట కొరకు కాదు. దుబ్బు నడుమ కూన కనబడినప్పుడు ఆలోచించుటకు దొరకు కాలము స్వల్పము.

పిల్లికి నీరు గిట్టదని మన మందరము చిన్ననాటినుండి వినుచున్నాము. ఇంటిపిల్లి విషయమున అది నిజమే; వానచినుకు పడినంతనే అరుగు క్రింద దూరును. మరి ఇది నడిరాత్రి చల్లని నీటిలో ఎట్లు దిగుచున్నది? దానికి రెండు పొరల చొక్కా కలదు. చర్మమున కంటుకొని పొట్టి వెండ్రుకలు మిక్కిలి దట్టముగ పెరుగును. ఎంత దట్టమనగా నీరు చర్మము వరకు చేరనేరదు. ఆ పొర నడుమనుండి పొడవైన ముతక వెండ్రుకలు పైకి వచ్చును. చుక్కలును, చారలును ఈ పై పొర వలన ఏర్పడినవి. నీట మునిగి లేచిన తరువాత పైపొర తడిసి ముద్దయైనను, లోపలి పొర దేహపు వేడిని కాపాడును. చలికాలమున తాటాకు గొడుగు క్రింద కంబళి కప్పుకొని చేను కాచు రైతు ఉపాయము వంటిదే ఇది.

పాదముల సంగతిలో పుస్తకములు కొంత అతిశయోక్తి చేసినవి. నీటిపిల్లికి బాతు కాలివలె వ్రేళ్ల నడుమ చర్మపు పొర యున్నదని చాలచోట్ల వ్రాసిరి. పొర ఉన్న మాట నిజమే గాని, అది ఇతర చిన్న పిల్లుల పాదములలోనున్న పొరకంటె విశేషముగ పెద్దది కాదు. గోళ్ల విషయము మాత్రము గమనింపదగినది. ఇంటిపిల్లి గోళ్లు లోపలికి ముడుచుకొనినప్పుడు పైకి కనబడవు. నీటిపిల్లి గోళ్లు పూర్తిగ లోపలికి పోవు. కొనలు బయట మిగులును. జారుడు బురదలో నడచుటకును, జారుచున్న చేపను పట్టుటకును ఇవి పనికివచ్చునని తోచును. పొట్టి తోక ఈతలో చుక్కానివలె నుపయోగపడునని చెప్పుదురు.

చేపను పట్టు విధమును చూచినవారు తక్కువ. ఈ మధ్య వంగదేశములో నీటి యొడ్డున రాత్రివేళ వీడియోలు తీసి పరిశీలించిరి. వానిలో ముఖ్యముగ కనబడినది వేట కాదు, ఓపిక. చిత్రించిన కాలములో సగము వరకు అది కూర్చుండియో, నిలుచుండియో, వంగియో నీటివైపు చూచుచు కాచుకొని యున్నది. లోతు తక్కువైనచోట అది నీటిలో దిగి ముందరి పాదముతో తడవుచు చేపను వెదకును. లోతైనచోట గట్టునుండి కదలక కాచి, చేప పైకి వచ్చినంతనే తల ముందుగ దుముకును. మునిగి ఈదగలదు. నీటిపై తేలుచున్న పక్షుల క్రిందుగ ఈదిపోయి కాలు పట్టి లాగునని కూడ చెప్పుదురు. గాలము వేసి గంటలకొలది చెరువు గట్టున కూర్చుండు పెద్దమనుష్యులు మనలోను ఉన్నారు గనుక ఈ ఓపికను మనవారు సులభముగ గ్రహింపగలరు.

చేపలు దాని ముఖ్యాహారము. రాజస్థానములోని భరతపురము పక్షి సంరక్షణ కేంద్రములో దాని పెంటికలను పరీక్షించి చూడగా, ఆహారములో సుమారు ముప్పాతిక వంతు చేపలేయని తేలినది. మిగిలిన పాతిక వంతు పక్షులు, పురుగులు, ఎలుకలు. పీతలు, కప్పలు, పాములు కూడ తినును. చచ్చిన పశువుల మాంసము దొరికిన వదలదు. కోళ్లను, అరుదుగ మేకపిల్లలను ఎత్తుకొనిపోవుటయు కలదు. చెరువులో చేపలు పెంచువాని కోపమునకు కారణము లేకపోలేదు. అప్పు తెచ్చి పిల్లచేపలు వేసినవానికి గట్టుమీద పాదముల గుర్తులు కనబడిన ఎట్లుండునో మనము గ్రహింపగలము. శ్రీలంకలోని కొలంబోలో, నగరము నడుమ మిగిలియున్న బురదనేలలలో ఈ పిల్లులు కాపురముండి, రాత్రివేళ ఇండ్ల కప్పులమీదుగ నడచి, ధనవంతుల తోటలలోని రంగుచేపలను దొంగిలించుచున్నవి! అక్కడ చెరువు యజమానికి పోయినది అలంకారము. ఇక్కడ పోవునది జీవనము. రెండింటిని ఒకే తక్కెడలో తూచరాదు.

ఈ పిల్లి ఒంటరిగ తిరుగును. ఆడది నాలుగైదు చదరపు కిలోమీటర్ల మేర తనదిగ భావించి తిరుగును. మగది అంతకు మూడు నాలుగు రెట్లు తిరుగును. తన హద్దులను వాసన విడిచి తెలుపును. సుమారు 63 నుండి 70 దినముల గర్భము తరువాత రెండో మూడో పిల్లలను పెట్టును. పుట్టిన కూన 170 గ్రాములు తూగును. రెండు వారములు దాటిన తరువాత కన్నులు తెరచును. రెండవ నెల ముగియు సమయమునకు మాంసము రుచి చూచును. తొమ్మిది నెలలకు తల్లి యంత యగును. ఆశ్చర్యపడినప్పుడు బుస కొట్టును, గుర్రుమనును; కుక్క మొరిగినట్లు ధ్వని చేయుటయు కలదు. అడవిలో ఎక్కువగ మార్చి మొదలు మే వరకు కూనలు కనబడుచున్నవి. నీరు తగ్గి, గడ్డి ఎండి, కోతలు సాగు కాలమును ఇంచుమించు ఇదే. తల్లి ఒంటరిగ పెంచును గనుక వేటకు పోయినప్పుడు కూనలను దుబ్బులో దాచి పోవలెను. అందుచేతనే గడ్డి కోయువారి కంట అవి తల్లి లేకుండ పడుచుండును. వానిని అనాథలని జాలిపడి ఇంటికి తెచ్చిన దయామయులు కూడ ఉన్నారు. నిజమునకు ఆ దయ వలన కూన తల్లిని కోల్పోవుచున్నది. ఆ వృద్ధ జాలరి చెప్పిన సలహాకంటె మంచి సలహా ఏ శాస్త్రజ్ఞుడును చెప్పలేడు.

ఇంతకు ఇవి ఎక్కడెక్కడ నున్నవి? హిమాలయ పాదములలోని తరాయి బురదనేలలలోను, గంగా సముద్రసంగమమునందలి సుందరవనములలోను, హౌరా జిల్లా జమ్ము మడుగులలోను, ఒడిశాలో భితరకనికా మడ అడవులలోను, చిలికాలోను, అక్కడనుండి దక్షిణముగ గోదావరి, కృష్ణా డెల్టాలలోను ఉన్నవి. భారతదేశము వెలుపల నేపాళము, బంగ్లాదేశము, శ్రీలంక, బర్మా, థాయిలాండు, కంబోడియాలలో నున్నవి. యానాము నుండి కూతవేటు దూరములోనున్న కోరంగి మడ అడవులు 1978లో అభయారణ్యముగ ప్రకటింపబడినవి. అక్కడ మడచెట్ల వ్రేళ్ల నడుమ, తిల్లచెట్ల నీడల క్రింద, ఆటుపోటులతో పాటు పైకి క్రిందికి నడచు పిల్లిని రాత్రి కెమెరాలు మాటిమాటికి పట్టి చూపినవి. పోటు వచ్చినప్పుడు నీరు నిండిపోవును, పాటు వచ్చినప్పుడు బురద మిగులును. దినమునకు రెండుసార్లు ఇల్లు మారిపోవు చోట బ్రతుకుటకు నేర్చిన జంతువిది.

మన చిలికా సంగతి కొంచెము విపులముగ చెప్పవలెను. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానకాలమున 1,100కు పైగ విస్తరించు ఈ ఉప్పుకయ్య 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగ గుర్తింపు పొందినది. శీతకాలమున వచ్చు పక్షులను గూర్చి, నీటిలో ఎగిరిపడు డాల్ఫినులను గూర్చి మన పిల్లలందరికిని తెలియును. సెలవులలో పడవ యెక్కి చూచి వచ్చినవారే. నీటిపిల్లిని మాత్రము పడవలో పోయి చూచుటకు వీలులేదు. అది రాత్రి తిరుగును, దుబ్బు దాటి రాదు. చిలికా అభివృద్ధి సంస్థవారు 2020లో దీనిని సరస్సునకు రాయబారిగ ప్రకటించినప్పుడు, "చూడని జంతువు రాయబారి యేమిటి?" అని నా మిత్రుడొకడు పరిహసించెను. పక్షులును, డాల్ఫినులును సరస్సు నీటికి సాక్షులు. ఈ పిల్లి సరస్సు గట్టుకు సాక్షి. నీరు నిండియున్నను గట్టున దుబ్బు లేకున్న ఇది ఉండదు. ఆ మాట చెప్పిన తరువాత నా మిత్రుడు ఊరకుండెను. ఒప్పుకొనెనో లేదో తెలియదు.

కనబడని జంతువును ఎట్లు లెక్కించిరి? 2021లో సరస్సునకు ఉత్తర, ఈశాన్య భాగములలోని జమ్ము, కిక్కిస నేలలలోను, 2022లో పారికుడ్ వైపు దీవులలోను, మొత్తము 150 కెమెరాలను నెలరోజుల చొప్పున అమర్చిరి. జంతువు ఎదుట నడచినంతనే కెమెరా తనంతట తానే చిత్రము తీయును. ఏ రెండు పిల్లుల మచ్చలును ఒకే తీరున నుండవు. మన వ్రేలిముద్రలవలె. కావున ప్రక్కనుండి తీసిన చిత్రములను పోల్చి, ఇది ఆ పిల్లియే, ఇది వేరొకటి యని గుర్తింపవచ్చును. కొన్ని పిల్లులు కెమెరా ముందు నడువనే నడువవు గదా, వానిని లెక్కించు టెట్లని మా విద్యార్థులు అడిగిరి. తరగతిలో చెప్పిన యుదాహరణమునే ఇక్కడ వ్రాయుదును. ఒక చెరువులో ఎన్ని చేపలున్నవో తెలియదు. ఇరువది చేపలను పట్టి మొప్ప దగ్గర గుర్తు వేసి వదలితిమి. కొన్ని దినముల తరువాత మరల ఇరువదింటిని పట్టితిమి. వానిలో గుర్తున్నవి ఐదు. అనగా పట్టిన నాలుగింటిలో ఒకదానికి గుర్తున్నది. కావున గుర్తు వేసిన ఇరువదియు చెరువులోని చేపలలో నాలుగవ వంతని యూహింపవచ్చును. చెరువులో సుమారు ఎనుబది చేపలున్నవి. శాస్త్రజ్ఞులు చేసినదియు మూలములో ఇట్టిదే; ఏ కెమెరా ఎక్కడ నున్నదో ఆ దూరములను కూడ లెక్కలో చేర్చుట వలన ఫలితము మరింత నిక్కచ్చిగ వచ్చును. ఇట్లు చిలికాలో 176 నీటిపిల్లులున్నవని 2022లో ప్రకటించిరి. అభయారణ్యముల వెలుపల ఈ జంతువును ఇట్లు లెక్కించుట ప్రపంచములో ఇదియే మొదటిసారి.

అభయారణ్యముల వెలుపల అను మాటను పాఠకులు విడువక పట్టుకొనవలెను. పులికి అడవి యున్నది, అడవికి కంచె యున్నది, కాపలాదారు ఉన్నాడు. నీటిపిల్లి నివాసములో చాలభాగము ఎవరి కాపలాయు లేని నేల. ఊరి చివర జమ్ము మొలచిన మడుగు, పంటకాలువ ప్రక్క రెల్లుదుబ్బు, వానకాలమున మునిగి వేసవిలో తేలు బురద. దానిని చూచి మనవారందరును అనుమాట ఒక్కటే: బీడు. పిల్లికి పులి యని తప్పుపేరు పెట్టినట్లే, దాని ఇంటికి బీడు అని తప్పుపేరు పెట్టితిమి. బీడును పూడ్చుట, మెరక వేయుట, బాగుచేయుట అందరికిని పుణ్యకార్యముగనే తోచును. కాని ఆ బురదలోనే చేపపిల్లలు పెరుగును. వరదనీరు ఊరిలోనికి రాకముందు అక్కడ నిలుచును. 1999 అక్టోబరులో ఒడిశాపై విరుచుకుపడిన పెనుతుపానులో, కేంద్రాపడా జిల్లాలో సముద్రమునకును తమకును నడుమ మడ అడవి మిగిలియున్న గ్రామములలో ప్రాణనష్టము తక్కువగ నున్నదని తరువాత పరిశోధకులు లెక్కలు తీసి చూపిరి. ఆ అడవిని నరికినవారు కూడ బీడును బాగుచేయుచున్నామనియే తలచి యుందురు.

రొయ్యల చెరువుల సంగతి మనకు తెలియనిది కాదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో బురదనేలలు ఎన్నియో చెరువులైనవి. చిలికాలో గట్లు కట్టి, వలలు పాతి సరస్సునే చెక్కలు చెక్కలుగ పంచుకొనిరి. వానిని ఘేరీ లందురు. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు చిలికా, పులికాట్ సరస్సుల చుట్టును వేయి మీటర్ల లోపల రొయ్యల చెరువులు కూడదని తీర్పు చెప్పినది. తీర్పు తరువాత కూడ ఘేరీలు మాటిమాటికి మొలచుచునే యున్నవి, అధికారులు మాటిమాటికి తొలగించుచునే యున్నారు. చేపల చెరువు ఒకటి రెండు జమ్ముమడుగుల నడుమ నున్న పిల్లికి కీడు లేదు, పైపెచ్చు మేలే. మడుగులన్నియు చెరువులైపోయి, గట్లపై గడ్డిపరక కూడ లేకున్నప్పుడే దానికి ఆహారము ఎదుటనే యుండియు తలదాచుకొనుటకు చోటు లేకపోవును. అప్పుడది మనిషి కంట పడును. హౌరా జిల్లాలో ఇంతవరకు ఇవి మిగిలియుండుటకు కారణము అచ్చటి రైతులు రెల్లును పంటగ పెంచి కోసి అమ్ముకొనుటయే. రెల్లుకు ధర యున్నంతకాలము పిల్లికి ఇల్లున్నది. చట్టముకంటె ధర బలమైన చోట్లు కలవు.

చట్టము లేకపోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో పులితో పాటు మొదటి జాబితాలోనే దీనిని చేర్చిరి. దీనిని చంపుటయు, పట్టి ఉంచుటయు కఠినశిక్షకు పాత్రమగు నేరములు. పశ్చిమ వంగరాష్ట్రము దీనిని రాష్ట్రజంతువుగ స్వీకరించినది. అంతర్జాతీయ పట్టికలో 2008లో దీనిని అంతరించు ప్రమాదములో నున్నవానిలో చేర్చి, 2016లో ఒక మెట్టు క్రిందికి దించి 'దుర్బలము' అను తరగతిలో నుంచిరి. అంతమాత్రమున దాని స్థితి బాగుపడినదని యర్థము కాదు. అది అంత వేగముగ తగ్గిపోవుచున్నదని చెప్పుటకు తగిన లెక్కలు లేవని మాత్రమే యర్థము.

ఇది పిల్లలకు ప్రమాదమా యని ఒక తల్లి నన్నడిగెను. న్యాయమైన ప్రశ్న. నీటిపిల్లి మనిషిని వేటాడదు. అలికిడి వినినంతనే తప్పుకొనును. కాని వలలో చిక్కినప్పుడును, మూలకు తరిమినప్పుడును, కూనలను ముట్టినప్పుడును కరచును, రక్కును; పదిహేను కిలోల జంతువు కాటు చిన్నది కాదు. కావున కూన కనబడినచోట పిల్లవాడు దానిని తాకక, గుంపు చేర్చక, వచ్చిన దారినే మరలిపోవలెను. పెద్దలు ఆ దినమునకు ఆ దుబ్బు కోత ఆపి, కుక్కలను కట్టివేసి, రాత్రి అక్కడ దీపములు లేకుండ చూచిన చాలును. రెండు మూడు దినములైనను తల్లి రాకున్న అటవీశాఖవారికి తెలుపవలెను. కోళ్లగూటికి రాత్రి గట్టి తలుపు వేయుట, చేపపిల్లల తొట్టికి వల కప్పుట మొదలైన పనులు పిల్లి కొరకు కాకున్నను చేయదగినవే.

మొన్న సంక్రాంతికి ఆ బాలుడు మరల తాతగారి యూరికి పోయి వచ్చెను. గడ్డి సగము కోసిరనియు, కూనలు కనబడిన వైపు దుబ్బును ఇంకను కోయలేదనియు చెప్పెను. ఎందుకని యడుగగా, "తాత వద్దన్నారట" అనెను. అక్కడి బురదలో పాదముల గుర్తులు చూచి తన లెక్కల పుస్తకము వెనుక పుటలో గీసికొని వచ్చెను. నాలుగు వ్రేళ్లు, వాని ముందు గోళ్ల కొనల గుర్తులు సన్నని చుక్కలవలె స్పష్టముగ నున్నవి. కుక్కదై యుండునేమో యని నేను సందేహించితిని. కుక్క గోళ్లు ఇంకను మొద్దుగ పడుననియు, దాని పాదము ఇంత గుండ్రముగ నుండదనియు అతడు వాదించెను. ఆ పుటను ఈ సంచికలో అచ్చు వేయుటకు వీలుకాలేదు. తల్లిదండ్రులు పాఠశాలకు వచ్చినప్పుడు ఎనిమిదవ తరగతి గోడపై చూడవచ్చును. దాని క్రింద అతడు తన చేతితో 'నీటిపిల్లి' అని వ్రాసినాడు.